లంక రేవులో ఊపిరి

పెదపాడు,
1937 సెప్టెంబరు 24.

చిరంజీవి రత్నకుమారికి,

నాన్న జ్ఞానయ్య నిండు మనసుతో దీవించి వ్రాయునది. ప్రభువు దయవల్ల ఈ ఉత్తరం రాసే వేళకు నేనూ మీ అమ్మా కులాసాగా ఉన్నాము. అక్కడ రాజమండ్రిలో నువ్వూ, నీతోటి నర్సు పిల్లలూ, మీ మేట్రనమ్మగారూ కుశలమని తలుస్తున్నాను. నాకు కాస్త దగ్గు పట్టుకుంది. చేతిరాత వంకర పోతే విసుక్కోకుండా చదువుకో.

ఈసారి వానలు తెరిపి ఇవ్వడం లేదు. కొల్లేరు మన ఊరి పొలాల దాకా పొంగి వచ్చింది. బడి కప్పు రెండు చోట్ల కారుతుంటే పిల్లలను ఒక మూలకు చేర్చి పాఠం చెబుతున్నాము. తాడేపల్లిగూడెంలో మీ దానమ్మ పిన్నికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. బిడ్డ నీ పోలికేనని పిన్ని కబురు చేసింది. మీ అమ్మ ఆ మాట విని మురిసిపోయింది.

ఇక నీ ఉత్తరం సంగతి. తపాలా ఆయన ఇచ్చి వెళ్ళాక ముందు నేనొక్కణ్ణే చదువుకున్నాను. తరవాత మీ అమ్మకు చదివి వినిపించాను. కొడవలి తొడలో దిగిన ఆ కూలి మనిషిని బండి మీద తెచ్చారనీ, మేట్రనమ్మగారు నిన్ను గజ్జల్లో పెద్ద రక్తనాళం మీద గట్టిగా అదిమి పట్టమన్నారనీ, నువ్వు పట్టి ఉండగానే అతని ప్రాణం పోయిందనీ రాశావు. ఆ వారంలోనే శరీరశాస్త్రం పరీక్షలో తప్పావనీ, ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చి చెయ్యి ఆడలేదనీ రాశావు. “ఇవి పనికిరాని చేతులు నాన్నా, నన్ను ఇంటికి తీసుకుపోండి” అన్న చోట నీ అక్షరాలు తడిసి అలుక్కుపోయాయి.

మీ అమ్మ అంతా విని, “రమ్మనండి. పిల్ల అంత బాధపడుతుంటే చదువెందుకండీ?” అంది. నేనూ అదే అంటాను. నీకు రావాలని ఉంటే వచ్చెయ్యి. స్టేషనుకు బండి కట్టించుకుని నేనే వస్తాను. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ పెట్టుకోకు. అయితే నీ ఉత్తరం అందిన మరునాడు ఇక్కడొక సంగతి జరిగింది. అది నీకు తెలియాలి. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

కొల్లేటి లంకలో మనవాళ్ళు తాటాకులతో కొత్తగా ప్రార్థన మందిరం కట్టుకున్నారు. దాని ప్రతిష్ఠకు రమ్మని పిలిస్తే మన ఊరినుంచి కొందరం బయలుదేరాము. రేవుదాకా బండ్ల మీద వెళ్ళి, అక్కడినుంచి రెండు పడవలెక్కాము. ముందు పడవలో మీ అమ్మా తక్కిన ఆడవాళ్ళూ ఎక్కారు. వెనక పడవ బంగార్రాజుది. అతను కొల్లేట్లో చేపలు పట్టుకుని బతికే మనిషి, నీళ్ళలోనే పుట్టినట్టు ఉంటాడు. ఆ పడవలో మగవాళ్ళం ఎక్కాము. తన లంకచేను మునిగిందేమో చూసుకోవడానికి మన ఊరి రైతు తాతారావుగారు కూడా మాతోనే వచ్చారు. నేను ఆ పడవలోనే ఉన్నాను గనక కంగారు పడతావేమో. పడకు. ఈ ఉత్తరం రాస్తున్నది నేనే కదా.

ఆడవాళ్ళ పడవ లంక చేరింది. మాది ఒడ్డుకు దగ్గర పడుతుండగా పడమటినుంచి ఒక్కసారిగా గాలి విసిరింది. పడవ పక్కకు కొట్టుకుపోయి, చేపల కోసం నీళ్ళలో పాతిన కర్రల దడికి గుద్దుకుని తిరగబడింది. అక్కడ లోతు పెద్దగా లేదు. ఛాతీబంటి నీళ్ళు. అందరూ కాళ్ళు నిలదొక్కుకుని లేచి నిలబడ్డారు. ఒక్క పెద్దాయన మాత్రం, ఈత రాని మనిషి, తన సంచి తేలిపోతుంటే అందుకోబోయి పడవలు నడిచే లోతు కాలవలోకి జారిపోయాడు. యాభై దాటిన మనిషికి ఆ మాత్రం వివేకం ఉండవద్దా! కాళ్ళకు నాచు చుట్టుకుని, కిక్కిస గడ్డి దుబ్బుల కిందికి కొట్టుకుపోయాడు.

ఇక్కడినుంచి నేను రాసేది నా కళ్ళతో చూసింది కాదు. అక్కడే ఉన్నా నాకు చూసే వీలు లేకపోయింది. చూసినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి చెప్పినదాన్ని కూర్చి రాస్తున్నాను.

బంగార్రాజు మునిగి వెతికాడట. మొదటిసారి వట్టి చేతులతో పైకి వచ్చాడట. మళ్ళీ మునిగి ఈసారి ఆయన జుట్టు పట్టుకుని పైకి లాగాడట. తాతారావుగారూ అతనూ కలిసి ఒడ్డుకు చేర్చేసరికి ఆ మనిషి మొహం నీలం తిరిగి ఉంది. రొమ్ము ఎగరడం లేదు. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి ఆడడం లేదు. ఒడ్డున ఒక్కసారి ఏడుపులు లేచాయి. లంకలో అందరికంటే పెద్దది సుబ్బాయమ్మగారు, “ఉప్పు తెండిరా, ఉప్పులో కప్పెడితే నీరు లాగేస్తుంది” అని కేకలు పెట్టిందట. ఇంకొకరు భుజాన వేసుకుని గిరగిరా తిప్పితే తాగిన నీళ్ళు కక్కుతాడని ఆయన్ని ఎత్తబోయారట.

అప్పుడు మీ అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మీ అమ్మ గొంతు గట్టిగా ఎవరైనా విన్నారా ఎప్పుడైనా? ఆవేళ విన్నారు. “దించండి! తిప్పకండి. ఇక్కడ బోర్లా పడుకోబెట్టండి” అందట. ఎత్తబోయినవాళ్ళు ఆ గొంతుకు జంకి దించేశారట.

ముందు ఆయన నోట్లో వేలు పెట్టి నాచూ బురదా తీసేసింది. నాలుక వెనక్కి పడి గొంతుకు అడ్డం ఉంటే ముందుకు లాగింది. మొలనూలు దగ్గర బిగిసిన పంచె వదులు చేసింది. మొహాన్ని ఒక పక్కకు తిప్పి నోరూ ముక్కూ మట్టికి ఆనకుండా చేసింది. తరవాత ఆయన తొడలకు అటూ ఇటూ మోకాళ్ళు ఆన్చి, నడుముకు పైన, చివరి పక్కటెముకల మీద రెండు చేతులూ పరిచి, మోచేతులు వంచకుండా ఒళ్ళంతా ముందుకు వాల్చి నొక్కింది. మళ్ళీ వెనక్కి జరిగి వదిలింది. మళ్ళీ వాలింది. మళ్ళీ వదిలింది.

ఇది ఆమెకు ఎక్కడిదో నీకు తెలియకపోదు. మొన్న వేసవి సెలవులకు వచ్చినప్పుడు నువ్వు వసారాలో చాప పరిచి, “అమ్మా, కాసేపు బోర్లా పడుకోవూ, నేను నేర్చుకోవాలి” అని మీ అమ్మనే రోగిని చేశావు. ఆమె నవ్వుతూ, “నా గాలంతా పోతోందే, వంట ఎవరు చేస్తారు?” అని గోల పెట్టింది. నువ్వు నొక్కుతూనే చెప్పావు. పక్కటెముకల కింద పొట్టకూ రొమ్ముకూ నడుమ కండతో చేసిన పొర ఒకటి ఉంటుందన్నావు. పైనుంచి నొక్కితే పొట్టలోవి ఆ పొరను పైకి నెడతాయి, లోపలి గాలి బయటికి పోతుంది. వదిలితే ఎముకల గూడు తనంతట తానే విచ్చుకుని కొత్త గాలిని లోపలికి పీలుస్తుందన్నావు. కంసాలి కొలిమి తిత్తి లాంటివే ఇవీ అంటే, “అందుకేనా ఊపిరితిత్తులంటారు!” అని మీ అమ్మ ఆశ్చర్యపోయింది. నేను అవతల కాపీలు దిద్దుకుంటూ ఈ మాటలన్నీ విన్నాను. విన్నానే గానీ నాకొక్కటీ ఒంటపట్టలేదు. మీ అమ్మకు పట్టింది. నీ చేతులు ఎక్కడ పడితే తన ఊపిరి బయటికి పోయిందో ఆమె ఒంటికి తెలుసు. అక్కడే తన చేతులు వేసింది.

మొదటి నొక్కుళ్ళకు ఆ మనిషి నోటినుంచి నీళ్ళు కారాయట. తరవాత ఏమీ లేదు. ఆమె నొక్కుతూనే ఉంది. “ఇక చాలమ్మా మరియమ్మా, పోయినాయన్ని ఇంకా నలపకు” అని సుబ్బాయమ్మగారు ఏడ్చిందట. “ఆ ఎముకలు విరిగితే ఉన్న కాస్త ప్రాణమూ పోతుంది” అని ఇంకెవరో అన్నారట. మీ అమ్మ తల ఎత్తి, “ఊపిరి ఆగిపోయినా గుండె కాసేపు కొట్టుకుంటూ ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. అది ఆగేలోపల గాలి అందాలి. పక్కకు జరగండి, గాలి ఆడనివ్వండి” అందట. ఆయన భార్య కూడా ఆ ఒడ్డునే ఉందట. ఆవిడ ఏడుస్తూ కూలబడలేదని అందరూ వింతగా చెప్పుకుంటున్నారు.

మీ అమ్మ అలిసిపోయినప్పుడు బంగార్రాజును పిలిచింది. అతను, “నా మొరటు చేతులండీ, నావల్ల ఏమవుద్దండీ?” అని వెనకాడాడట. ఆమె అతని చేతులు పట్టుకుని తన చేతుల పక్కనే ఆనించి, తనతోపాటు వాలమని, తనతోపాటు వదలమని చెప్పింది. వరస కుదిరాక తన చేతులు తీసేసింది. నొక్కు ఒక్కటి కూడా తప్పలేదట. తాతారావుగారు లంకవాళ్ళ పొడి దుప్పట్లు తెప్పించి ఆయన కాళ్ళకు కప్పారు. పొలం మాట ఆయనకు గుర్తే లేదు. “ఆపకండయ్యా, ఆపకండి” అంటూ అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నారట. ఆయన ఇన్నేళ్ళలో మన పేట మనిషిని చేత్తో తాకగా నేను చూడలేదు. ఆ రోజు అది ఎవరికీ తోచినట్టు లేదు.

మళ్ళీ మీ అమ్మ నొక్కుతుండగా ఆ మనిషి గొంతులో గురక లాంటి చిన్న చప్పుడైంది. అందరూ కేక వేశారు. మీ అమ్మ మాత్రం చెయ్యి ఆపలేదు. ఒక్క ఊపిరి వచ్చిందని వదిలెయ్యకూడదనీ, ఆ ఊపిరి వరసకే మన నొక్కు కలపాలనీ నువ్వే చెప్పావట. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. తరవాత దగ్గు. తరవాత పసిబిడ్డ మూలుగులాంటిది. పెదవుల నీలం తగ్గి మామూలు రంగు వస్తుంటే సుబ్బాయమ్మగారు ఆ నేల మీదే మోకాళ్ళూని, ఎవరి దేవుణ్ణో తెలియకుండా అందరి దేవుళ్ళనూ పిలిచిందట.

ఎవరో చెంబుతో సారా తెచ్చి గొంతులో పోయబోతే మీ అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మింగడం తెలియని మనిషికి నోట్లో ఏది పోసినా ఊపిరి దారిలోకే పోతుందని చెప్పి, పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టించింది. తెలివి వచ్చి పేరు పెట్టి పిలిస్తే పలికాక, అప్పుడు గోరువెచ్చని నీళ్ళు చెంచాతో ఇచ్చింది. తాతారావుగారు ఆడవాళ్ళ పడవ మీద ఇవతలి రేవుకు దాటించి, తమ బండి కట్టించి, పరుపు వేయించి, ఏలూరు పంపించారు.

ఏలూరులో డాక్టరు పాండురంగారావుగారు గొట్టం పెట్టి వీపూ రొమ్మూ విన్నారు. లోపల కాస్త నీరు చేరింది గనక జ్వరం రావచ్చనీ, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలనీ అన్నారు. జ్వరం వచ్చింది, తగ్గింది కూడా. ఇప్పుడు భయం లేదు. ఆయన మీ అమ్మ వైపు తిరిగి, “ఎవరు నేర్పారమ్మా మీకు?” అని అడిగారు. “మా అమ్మాయండీ. రాజమండ్రిలో నర్సు చదువుతోంది” అంది మీ అమ్మ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఇంకా చెప్పమన్నారు.

అప్పుడు నీ ఉత్తరంలో ఉన్న ఆ కూలి మనిషి సంగతి ఆయనకు చెప్పాను. నీ అనుమతి లేకుండా చెప్పినందుకు ఏమీ అనుకోకు. ఆయన అంతా విని చెప్పిన మాట ఇది. తొడలోని పెద్ద నాళం తెగితే ఒంట్లోని రక్తం చూస్తుండగానే పోతుందట. అతను బండిలో మీ ఆసుపత్రి చేరేసరికే పోవలసినదంతా పోయి ఉంటుందట. “ఆ అమ్మాయి సరైన చోటే అదిమింది. కాకపోతే ఆమె ఆ పొలం గట్టున ఉండాల్సింది. అదొక్కటే లోటు” అన్నారు. నువ్వు ప్రతి పొలం గట్టునా ఉండలేవు. కానీ ఆ గట్టున ఉన్న కూలీలలో ఒక్కరికి, ఎక్కడ అదమాలో తెలిసినా అతను నీ దగ్గరికి బతికి వచ్చేవాడు. లంక రేవులో నువ్వు లేవు. నీ దగ్గర నేర్చుకున్న మనిషి ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో తల్లీ. నేను ఇంతకంటే చెప్పను.

పరీక్ష మాట అంటావా, పేర్లు అక్కర్లేదని మాత్రం నేననను. బడిపంతుల్ని, ఎలా అంటాను? డాక్టరుగారు కూడా పేర్లు కావాలనే అన్నారు. ఒక ఆసుపత్రి మాట ఇంకొక ఆసుపత్రికి అర్థం కావాలంటే అవే దారి అన్నారు. ముందు ఆ ఎముక ఎక్కడుందో నీ ఒంటి మీద తడిమి చూసుకుని, తెలుగులో చెప్పుకుని, తరవాత ఇంగ్లీషు పేరు తగిలించుకో. పిల్లలకు లెక్కలు నేనలాగే చెబుతాను. తప్పినవాళ్ళు రెండోసారి కూర్చుని పాసైతే ఎవరూ వింతగా చూడరు.

ఇంకొక సంగతి. డాక్టరుగారు క్రిస్మసు సెలవులకు నువ్వు వస్తే, మన బడి వసారాలో పడవవాళ్ళకూ, లంకవాళ్ళకూ, కూలీలకూ ఈ సాయాలన్నీ నేర్పే క్లాసు పెట్టిద్దామంటున్నారు. ఆయన వచ్చి చెబుతారట, కానీ నువ్వు పక్కన ఉండి మన మాటల్లో చెప్పాలట. బంగార్రాజు అప్పుడే తన వాళ్ళందరినీ పోగు చేస్తున్నాడు. నువ్వు నర్సువైనా కాకపోయినా ఆ క్లాసుకు రావచ్చు.

నీ మనసులో ఏముందో తొందర లేకుండా ఆలోచించి రాయి. ఉంటానంటే సంతోషం. వస్తానంటే స్టేషనులో నన్ను చూస్తావు. మేట్రనమ్మగారికి నా వందనాలు చెప్పు. వేళకు తిను.

నిన్నెప్పుడూ తలుచుకునే నాన్న,
జ్ఞానయ్య.

తా.క. రత్నం, ఇది అమ్మ రాత. ఇవాళ కాస్త వాన తెరిపిస్తే, కవరు అంటించమని నాకిచ్చి మీ నాన్న పెరట్లో ఎండకు కూర్చున్నారు. కూడబలుక్కుని మొత్తం చదివాను. నాలుగు ముక్కలు నేనూ రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకోకు.

ఆ పెద్దాయన మీ నాన్నేనమ్మా.

అబద్ధమేమీ రాయలేదంటారాయన. నిజమే, రాయలేదు. పేరు రాయలేదంతే. ఎందుకండీ దాచడం అని గొడవ పడ్డాను. “నా ప్రాణం కాపాడిన చదువని తెలిస్తే, ఇష్టం లేకపోయినా దానికే కట్టుబడిపోతుంది. పిల్ల మెడకు నా ప్రాణం కట్టకూడదు మరియా” అన్నారు. ఆయన మాట మంచిదే. కానీ సగం తెలిసి తేల్చుకున్నది తేల్చుకున్నట్టు కాదని నాకనిపించింది. అందుకే చెబుతున్నాను. ఇప్పుడు నీ ఇష్టం. నర్సువైనా, ఇంటికొచ్చినా, నా బిడ్డవే.

నేను ఏడవలేదని జనం చెప్పుకుంటున్నారంట. ఏడిస్తే నా ఊపిరి చెదురుద్దని ఏడవలేదు. నా ఊపిరి వరసనే కదా ఆయనకు నొక్కుతున్నాను. చేతుల కింద మీ నాన్న వీపు తడి గోనెసంచిలా ఉంది. ఎంత నొక్కినా బదులు లేదు. వేసవిలో నువ్వు నా మీద వాలి, “అమ్మా, తొందరపడితే లోపలికి గాలి చేరదే” అన్నది తలుచుకుని నెమ్మదించుకున్నాను. తరవాత ఒకసారి నేను వదిలిన తరవాత కూడా ఆ వీపు దానంతట అదే లేచింది. నేను నొక్కకుండానే లేచింది రత్నం. అది చేతికి ఎలా ఉందో రాయడం నాకు రావట్లేదు. ఇంటికొచ్చాక, తలుపేసుకుని, అప్పుడు ఏడ్చాను.

ఆయన జ్వరం పూర్తిగా తగ్గింది. ఉదయం గంజి తాగారు, ఉప్పు తక్కువని పేచీ కూడా పెట్టారు. ఇప్పుడు పెరట్లో దగ్గుతున్నారు. పక్కింటివాళ్ళు పాపం అంటున్నారు. నాకు మాత్రం ఆ దగ్గు వింటుంటే ఎంత ధైర్యంగా ఉందో! దగ్గడానికి ముందు గాలి లోపలికి పీల్చుకోవాలి కదా తల్లీ.

అమ్మ,
మరియమ్మ.